కొండ గోడ మీద నా పేరు

అశ్వారావుపేట నుంచి బైక్ మీద రెండు గంటల దూరంలో రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ క్షేత్రం ఉంది. గుంటుపల్లి గుహలకు వెళ్లొచ్చిన కథ ఇది. నేను చేసిన ఒక వెధవ పని కథ కూడా.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"మావయ్యా, మా స్కూలోళ్లు గుంటుపల్లి తీసుకెళ్తున్నారు. నువ్వు చిన్నప్పుడు వెళ్లావంట కదా. అమ్మ చెప్పింది. ఏముంటది అక్కడ?"

"గుహలుంటాయి రా" అన్నాను.

"అంతేనా?"

"అంతే" అనేసి ఫోన్ పెట్టేశాను. కానీ నిద్ర పట్టలేదు. గుంటుపల్లి అనగానే నాకు గుర్తొచ్చింది గుహలు కాదు. జామెట్రీ బాక్సులోని కంపాస్!

నేనూ తొమ్మిదో తరగతిలోనే వెళ్లాను. సార్లు ముందు నడుస్తున్నారు, మేం నలుగురం వెనకబడ్డాం. ఒక గుహలోకి దూరాం. గోడ మీద అప్పటికే ఎవరెవరివో పేర్లున్నాయి. ఒకడు నా చేతికి కంపాస్ ఇచ్చి "నువ్వూ రాయరా" అన్నాడు. రాశాను. పేరు, పక్కన ఇంటిపేరు మొదటి అక్షరం, కింద ఊరి పేరు. ఐదు నిమిషాలు పట్టింది. ఆ రోజంతా అదే గొప్ప.

ఇప్పుడు వీడు వెళ్తున్నాడు. వీడి బ్యాగులోనూ కంపాస్ ఉంటుంది. అందుకే స్కూలు ట్రిప్పు కంటే ముందే, ఒక ఆదివారం పొద్దున్నే వాణ్ని బైక్ ఎక్కించుకుని బయల్దేరాను.

పామాయిల్ తోటల మధ్య నుంచి

మా అశ్వారావుపేట తెలంగాణ అంచున ఉన్న ఊరు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్రప్రదేశ్ బోర్డు కనిపిస్తుంది. బోర్డు మారుతుంది కానీ, రోడ్డు పక్కన తోట మాత్రం మారదు. అటూ పామాయిలే, ఇటూ పామాయిలే. గెలలు నింపుకున్న ట్రాక్టర్లను తప్పించుకుంటూ జీలుగుమిల్లి, అక్కణ్నుంచి జంగారెడ్డిగూడెం చేరాం. అక్కడ ఇడ్లీ తిని కామవరపుకోట రోడ్డు పట్టాం. కామవరపుకోట దాటాక జీలకర్రగూడెం అనే చిన్న ఊరొస్తుంది. గుంటుపల్లి గుహలు ఉన్నది ఈ ఊరి కొండ మీదే. ఒకప్పటి పశ్చిమ గోదావరి, ఇప్పుడు ఏలూరు జిల్లా.

అంతా కలిపి అరవై కిలోమీటర్లు ఉంటుందేమో. భద్రాచలం, పర్ణశాల, గుబ్బల మంగమ్మ తల్లి... మా వైపు వాళ్లం ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తామో లెక్కే ఉండదు. ఈ కొండకి మాత్రం స్కూలు ట్రిప్పులో ఒక్కసారి వెళ్తే, జీవితానికి అయిపోయినట్టే.

కింద టికెట్ తీసుకున్నాం. కేంద్ర పురావస్తు శాఖ వాళ్లది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. "నేను ఫ్రీ, నువ్వే డబ్బులు కట్టాలి" అని మావాడు తెగ సంబరపడ్డాడు. మెట్లెక్కడం మొదలుపెట్టాం.

"పూరిల్లు వాసాల్లా ఉన్నాయి"

ఇక్కడ తప్పకుండా చూడాల్సిందల్లా చూడకపోయినా పర్లేదు, ఈ ఒక్కటీ చూడండి. కొండను గుండ్రంగా తొలిచిన గది. మధ్యలో ఒక స్తూపం. ఆ స్తూపాన్ని ఎక్కణ్నుంచో తెచ్చి పెట్టలేదు. చుట్టూ ఉన్న రాయిని తీసేసి, మధ్యలో స్తూపాన్ని మిగిల్చారు. దాని చుట్టూ ప్రదక్షిణ చేసేందుకు దారి వదిలారు. దీన్నే చైత్యగృహం అంటారు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటిదని చరిత్రకారుల అంచనా. మన దేశంలో కొండను తొలిచి చేసిన తొలి చైత్యాల్లో ఇదొకటి.

లోపలికెళ్లాక మావాడు తల పైకెత్తి చూశాడు.

"మావయ్యా, పైన చూడు. పూరిల్లు వాసాల్లా ఉన్నాయి!"

నేను తొమ్మిదో తరగతిలో చూడనిది వాడు ఒక్క నిమిషంలో చూసేశాడు. నిజమే. పైకప్పు గోపురంలా ఉంటుంది. శిఖరం నుంచి చుట్టూ కిందికి వాసాలు దిగుతాయి. అన్నీ రాతివే. మన కోస్తా పల్లెల్లో తుఫాన్లకు తట్టుకునేలా కట్టే చుట్టిల్లు తెలుసు కదా, లోపల కూర్చుని పైకి చూస్తే అచ్చం ఇలాగే ఉంటుంది. బయట ద్వారం పైన ఉన్న కమాను కూడా కర్ర దూలాలతో కట్టినట్టే చెక్కారు.

రాతి గుహకు వాసాలెందుకు? కప్పు కూలిపోతుందన్న భయం లేదు కదా!

కారణం తేలికే. అప్పటిదాకా వాళ్లకు తెలిసిన ఇళ్లు, మందిరాలు అన్నీ కర్రతో, గడ్డితో కట్టినవే. మొదటిసారి రాతిలో చేస్తున్నప్పుడు, వడ్రంగి చేసినట్టే శిల్పీ చేశాడు. మందిరం అంటే ఇలాగే ఉండాలి అన్నది కంటికి అలవాటైపోయింది. బీహార్‌లోని బరాబర్ కొండల్లో లోమస్ రుషి గుహ ద్వారం కూడా ఇలా కర్ర ఇంటి ముఖంలాగే ఉంటుంది. కర్రవన్నీ ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. అవి ఎలా ఉండేవో మనకు చెప్పేది ఈ రాతి నకళ్లే.

ఇది మన దగ్గరే కాదు. గ్రీస్ దేశంలో ఏథెన్స్ నగరం మధ్య అక్రోపోలిస్ అనే కొండ ఉంది. దాని మీద పార్థెనాన్ అనే ఆలయం. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432కి పూర్తి చేశారు. ఇన్‌స్టాలో ఆ తెల్లని పాలరాతి స్తంభాల ఫొటోలు చూసే ఉంటారు. ఆ స్తంభాల పైన, కప్పు కింద వరసగా గాడులు గాడులుగా ఉండే పలకలు కనిపిస్తాయి. పాత కర్ర ఆలయాల్లో దూలాల చివర్లు బయటికి కనిపించేవని, రాతిలో దాని గుర్తే ఈ పలకలని విట్రూవియస్ అనే రోమన్ వాస్తు రచయిత రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. వేల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు పనివాళ్లు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. కానీ ఇద్దరూ కర్రను మర్చిపోలేక రాతిలో చెక్కుకున్నారు!

స్తూపం శివుడైంది

గుహలో స్తూపం మీద పసుపు, కుంకుమ, పూలు కనిపించాయి. మావాడు నా వైపు చూశాడు. "బుద్ధుడిది అన్నావు కదా?"

బుద్ధుడిదే. కానీ ఊరివాళ్లకు ఈయన ధర్మలింగేశ్వరస్వామి. బౌద్ధులు వెళ్లిపోయారు. గుండ్రని రాయి మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అందులో శివలింగాన్ని చూశారు. శివరాత్రికి ఇక్కడికి జనం వస్తారు. చెప్పులు విప్పి లోపలికెళ్లి, మేమూ ఒక ప్రదక్షిణ చేశాం. బుద్ధుడికో శివుడికో ఎవరికి చెందాలో వాళ్లే పంచుకుంటారని నవ్వుకున్నాం.

అక్రోపోలిస్ కొండదీ ఇదే కథ, కాకపోతే ఇంకాస్త గడ్డు కథ. ఎథీనా దేవత కోసం కట్టిన పార్థెనాన్ తర్వాత చర్చి అయింది. టర్కీ వాళ్లొచ్చాక మసీదైంది. 1687లో యుద్ధం జరుగుతుంటే అందులో తుపాకీ మందు దాచారు. వెనిస్ సైన్యం పేల్చిన గుండు పడి మధ్యలో పేలిపోయింది. ఆ తర్వాత 1801లో ఎల్గిన్ ప్రభువు అనే బ్రిటిష్ రాయబారి మనుషులు ఆలయం మీది శిల్పాలను ఊడదీయడం మొదలుపెట్టారు. అవి ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తిరిగి ఇవ్వమని గ్రీస్ అడుగుతూనే ఉంది.

గుంటుపల్లి గుహలోకి మరో దేవుడొచ్చాడు కానీ, స్తూపాన్ని ఎవరూ పగలగొట్టలేదు. దీపం పెట్టే చోటుని ఊరు కాపాడుకుంటుంది. ఈ గుహ ఇంత బాగా మిగలడంలో పూజ పాత్ర కూడా ఉందని నాకనిపిస్తుంది.

కొండ మీద ఎందుకున్నారు?

చైత్యగృహం దాటి ముందుకెళ్తే కొండ వాలులో వరసగా గదులు. ఇవి విహారాలు, అంటే భిక్షువులు ఉండే చోట్లు. చిన్న చిన్న గదులు, ఒక్కో గదికి ఒక్కో ద్వారం, కొన్నింటికి పైన కమాను. మా కాలేజీ హాస్టల్ గుర్తొచ్చింది.

బౌద్ధ భిక్షువులు ఏడాదిలో ఎక్కువ కాలం ఊరూరా తిరుగుతూనే ఉండాలి. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకే చోట ఉండాలన్నది నియమం. దాన్నే వర్షావాసం అంటారు. వానల్లో తిరిగితే పంట మొక్కలు, పురుగూ పుట్రా కాళ్ల కింద పడతాయని ఆ నియమం. అలా మూడు నెలల కోసం మొదలైన మజిలీలే క్రమంగా ఏడాదంతా ఉండే ఆరామాలయ్యాయి.

ఆ ఆరామానికి కొండ సరిగ్గా సరిపోతుంది. ఊరికి మరీ దగ్గరైతే ధ్యానం కుదరదు, మరీ దూరమైతే భిక్ష దొరకదు. కింద ఊరుంటుంది, పైన నిశ్శబ్దం ఉంటుంది. విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ... అన్నీ ఇలా కొండల మీదున్నవే. మన ఖమ్మం వైపు నేలకొండపల్లిలోనూ పెద్ద స్తూపం ఉంది. అంటే మనం తిరిగే ఈ దారుల్లోనే ఒకప్పుడు కాషాయం కట్టినవాళ్లు తిరిగారన్నమాట.

ఇంకా పైకెక్కితే మరో లోకం. కొండ మీద చదునులో చిన్నా పెద్దా రాతి స్తూపాలు, పదుల కొద్దీ ఉన్నాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషెత్తు. ఇవి మొక్కుబడి స్తూపాలు. భక్తులు పుణ్యం కోసం, పెద్దల జ్ఞాపకం కోసం కట్టించినవి. ఇటుక చైత్యాల పునాదులు, అందరికంటే ఎత్తున ఒక ఇటుక స్తూపం ఉన్నాయి. అక్కడ గట్టు మీద కూర్చుంటే కింద తోటలు, దూరంగా అడవి. ఎండ ఉన్నా గాలి బాగా వస్తోంది. మావాడు రీల్ తీసుకున్నాడు. నేను నీళ్లు తాగాను. అసలు పని ఇంకా మిగిలే ఉంది.

రెండు వేల ఏళ్ల కిందటి పేర్లు

ఆ గట్టు మీదే వాడికో సంగతి చెప్పాను. ఈ కొండ మీద పేర్లు చెక్కిన మొదటివాళ్లు మనం కాదు.

ఇక్కడ బ్రాహ్మీ లిపిలో ఉన్న ప్రాకృత శాసనాలు దొరికాయి. ఆ లిపిని చదవడం జనం ఎప్పుడో మర్చిపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ మళ్లీ చదివేదాకా దేశమంతటా ఆ అక్షరాలు మూగగానే ఉన్నాయి. చదవగలిగాక గుంటుపల్లి రాళ్లు కూడా మాట్లాడాయి. ఈ కొండ పేరు మహానాగపర్వతం అని అవే చెప్పాయి. ఇక్కడుండే ఒక ఆచార్యుడి శిష్యులొకరు మెట్లు కట్టించారని ఒక శాసనం. కళింగ, మహిషక దేశాలను ఏలిన మహామేఘవాహన సిరిసద అనే రాజు దగ్గర పనిచేసే చులగోముడనే లేఖకుడు ఒక మండపాన్ని దానం చేశాడని ఇంకొకటి.

"లేఖకుడంటే?"

"రాసేవాడు. రాజుగారి ఆఫీసులో గుమాస్తా అనుకో."

"గుమాస్తా పేరు రెండు వేల ఏళ్లు ఉందా!"

ఉంది. ఆ రాజు గురించి మనకు తెలిసిందే తక్కువ. తెలిసిన కాస్తలో ఈ గుమాస్తా చెప్పించింది కూడా ఉంది. ఆయన తన పేరు చెక్కించుకున్నాడు నిజమే. కానీ ముందు మండపం ఇచ్చాడు, తర్వాత పేరు పెట్టాడు. మెట్లు కట్టించినవాళ్లూ అంతే. ఎక్కేవాళ్ల కాళ్లకు మెట్టు ఇచ్చారు, పక్కన పేరు రాసుకున్నారు.

మరి నేను?

నా అక్షరాలు

దిగేటప్పుడు ఆ గుహ కోసం వెతికాను. మూడు గదులు చూశాక దొరికింది. ఫోన్ లైట్ వేశాను. గోడ మూలన, భుజం ఎత్తులో. తొమ్మిదో తరగతిలో నా తల ఎత్తు అదేనేమో. పేరు పూర్తిగా లేదు. దాని మీద ఇంకెవరో హార్ట్ గీశారు, ఇంకెవరో బాణం గుచ్చారు. కానీ ఊరి పేరు మాత్రం స్పష్టంగా ఉంది. "అశ్వారావుపేట".

మావాడు చదివాడు. "మన ఊరోడెవడో ఉన్నాడు మావయ్యా!"

నేనేం మాట్లాడలేదు. కాసేపటికి వాడే నా మొహం చూసి, "నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

బ్యాగులోంచి నీళ్ల సీసా, చేతిరుమాలు తీశాను. తడిపి తుడుద్దామనుకున్నాను. అక్కడ చెత్త ఏరుతున్న పెద్దాయన చూసి పరుగున వచ్చాడు. "ముట్టుకోమాకండి బాబూ. ఇది ఇసుకరాయి. తడిపి రుద్దితే రాయే రాలిపోద్ది. ఇంకా పెద్ద మచ్చ పడద్ది. వదిలెయ్యండి."

వేలితో మెల్లగా తాకి చూశాను. నిజమే, ఇసుక రేణువులు వేలికి అంటుకున్నాయి. ఐదు నిమిషాల్లో నేను గీసినదాన్ని సరిచేయడానికి నా దగ్గరేం లేదు. ఫోన్‌లో ఫొటో అయితే డిలీట్ కొట్టొచ్చు. గోడ మీద డిలీట్ బటన్ ఉండదు.

గ్రీస్‌లో సూనియన్ అనే చోట, సముద్రం ఒడ్డు కొండ మీద పొసైడన్ దేవుడి ఆలయం ఉంది. దాని స్తంభం మీద "బైరన్" అని ఒక పేరు చెక్కి ఉంటుంది. ఇంగ్లిష్ కవి బైరన్ 1810 ప్రాంతంలో గ్రీస్‌లో తిరిగినప్పుడు చెక్కిందేనని చెబుతారు. తమాషా ఏంటంటే, పార్థెనాన్ శిల్పాలను ఊడదీసినందుకు ఎల్గిన్ ప్రభువును కవిత్వంలో ఉతికి ఆరేసిందీ ఈ బైరనే! ఇంకొకడు దోచుకుంటుంటే మనకు కోపమొస్తుంది. మనం గీసే గీత మాత్రం "చిన్నదే కదా" అనిపిస్తుంది. ఈ రోజు అక్కడి గైడ్లు ఆ పేరును ప్రత్యేకంగా చూపిస్తారు. బైరన్ కాబట్టి చూపిస్తారు. నా పేరు ఎవరు చూపిస్తారు? చూపించినా ఏమని చూపిస్తారు?

మావాడికి ఇదంతా చెప్పలేదు. చట్టం సంగతి మాత్రం చెప్పాను. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం, దాన్ని 2010లో సవరించాక, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గోడ మీద గీయడమూ పాడుచేయడమే.

వాడు విన్నాడు. కానీ వాడికి తగిలింది లక్ష రూపాయలు కాదనుకుంటా. బైక్ దగ్గరికొచ్చాక అడిగాడు. "ఆ గుమాస్తా పేరు చూసి మనం మంచోడు అనుకున్నాం. మన ఊరి పేరు చూసి వేరే ఊరోళ్లు ఏమనుకుంటారు మావయ్యా?"

కిక్ కొట్టాను. సమాధానం చెప్పలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే

హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు ఏలూరు మీదుగా కామవరపుకోట చేరొచ్చు. మా అశ్వారావుపేట, సత్తుపల్లి వైపు వాళ్లకు జంగారెడ్డిగూడెం దారి. కామవరపుకోట నుంచి కొండ దాకా సొంత బండి లేదా ఆటో ఉంటే సుఖం.

పొద్దున్నే వెళ్లండి. వేసవి మధ్యాహ్నం ఆ రాయి పెనంలా కాలుతుంది. నీళ్లు, టోపీ, టిఫిన్ వెంట ఉంచుకోండి. గట్టి చెప్పులు వేసుకోండి, ధర్మలింగేశ్వరుడి గుహ దగ్గర విప్పండి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. చాలామంది మొదటి గుహ దగ్గర సెల్ఫీ తీసుకుని వెనక్కొచ్చేస్తారు. పైన స్తూపాల చదును చూడకపోతే సగమే చూసినట్టు. చిన్న స్తూపాల మీద కూర్చోవద్దు, ఎక్కి నిలబడి ఫొటోలు దిగొద్దు. గుహలో పైకప్పు చూడటానికి ఫోన్ లైట్ చాలు.

మావాడి స్కూలు ట్రిప్పు వచ్చే శనివారం. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు. బ్యాగు సర్దుకున్నాడట. నీళ్ల సీసా, పులిహోర, టోపీ, నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు. గుహ పైకప్పు వాసాలు బొమ్మ గీస్తాడట.

"నోట్‌బుక్‌లోనేగా?" అన్నాను.

"నోట్‌బుక్‌లోనే. జామెట్రీ బాక్స్ ఇంట్లో పెట్టేశా మావయ్యా."